పేజ్‌మేకర్ ఫైళ్ళూ, పాఠ పరిష్కరణా: కొన్ని ఆలోచనలు

సాహిత్య విమర్శలో మనం వస్తువు గురించి మాట్లాడతాం, శిల్పం గురించి మాట్లాడతాం, రచయిత దృక్పథం గురించి గంటలకొద్దీ వాదించుకుంటాం. వీటన్నిటికీ ఆధారమైన పాఠం గురించి మాత్రం మాట్లాడం. ప్రాచీన కావ్యాల పాఠాలంటే పండితులు చూసుకుంటారనీ, ఆధునిక రచన అచ్చులో వుంది గనక దాని పాఠానికి ఢోకా లేదనీ మన నమ్మకం. ఈ నమ్మకం ఎంత బలహీనమైందో గత ఏడాదిగా నాకు అనుభవంలోకి వచ్చింది. ఆ అనుభవంలో నేను ఒకప్పుడు చేసిన విమర్శ తప్పని కూడా తేలింది. అందుకే ఈ వ్యాసం.

జహీరాబాద్ ప్రాంతపు కథకుడొకాయన, నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు, నాలాగే బడిపంతులు, రెండేళ్ళ కిందట చనిపోయాడు. 2004లో ఆయన కథలు పదకొండు ఒక సంపుటిగా వచ్చాయి. అయిదువందల ప్రతులు వేశారు. డబ్బు చాలక మరో ఆరు కథలు అచ్చుకెక్కలేదు. ఆయన కుటుంబమూ, కొందరు మిత్రులమూ కలిసి మొత్తం పదిహేడు కథలూ ఒక పుస్తకంగా తేవాలనుకున్నాం. రాతప్రతులు లేవు. డీటీపీకి ఇచ్చిన రాతప్రతిని తిరిగి తెచ్చుకుని దాచుకునే అలవాటు మనలో ఎందరికి వుంది? దొరికిందల్లా ఒక సీడీ. దానిమీద ఆయన చేతిరాతతో ‘కథలు – మొత్తం’ అని వుంది. అందులో పదిహేడు ఫైళ్ళున్నాయి. అన్నీ పేజ్‌మేకర్ 6.5లో చేసినవి. ఇక పని సులువే అనుకున్నాం. కాని మా దగ్గరున్న ఏ కంప్యూటరూ ఆ ఫైళ్ళను తెరవలేదు.

1

ఇలా ఎందుకు జరిగిందో రచయితలు తెలుసుకోవాలి. ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారమని తప్పుకోవడానికి వీల్లేదు.

పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసింది. 1994లో అడోబ్ కంపెనీ ఆల్డస్‌ను కొనేసింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్. 2004లో కంపెనీ దాన్ని అభివృద్ధి చేయడం ఆపేసింది. అంటే మా మిత్రుడి పుస్తకం అచ్చయిన ఏడాదే, దాన్ని కూర్చిన పనిముట్టుకు కాలం చెల్లింది. దాని స్థానంలో తెచ్చిన ఇన్‌డిజైన్ కొంతకాలం పాత పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచేది. 2012 నాటి సీఎస్6 తర్వాత ఆ దారీ మూసుకుపోయింది.

ఇది మొదటి తాళం. రెండో తాళం ఫాంటు. అసలు చిక్కు ఇక్కడుంది.

లెటర్‌ప్రెస్‌లో పనిచేసిన వాళ్ళకు కేసు అంటే ఏమిటో తెలుసు. చిన్నచిన్న గళ్ళలో సీసపు అక్షరాలుంటాయి. ఏ గడిలో ఏ అక్షరముందో కంపోజిటరు చేతికి తెలుసు. ఆనాటి కంప్యూటర్ ఫాంటు కూడా అలాంటి కేసే. అయితే దానికి 256 గళ్ళే. అవి ఇంగ్లీషు అక్షరాల కోసం, యూరపు భాషల అక్షరాల కోసం ఏర్పాటుచేసినవి. గుణింతాలూ వత్తులూ కలిసి వేల రూపాలయ్యే తెలుగు లిపి అందులో పట్టదు. అందుకని ఫాంటు తయారీదారులు తెలుగు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, వత్తు ఒక గడిలో పెట్టారు. కొన్ని ఫాంట్లలో ‘మ’ అనే అక్షరం కూడా ‘వ’ ఆకారానికి కొమ్ములాంటి గీత తగిలిస్తే తయారవుతుంది. అంటే ఫైల్లో ‘మ’ అనే అక్షరం లేదు. రెండు ముక్కలున్నాయి. వాటిని పక్కపక్కన పేర్చి చూస్తే మన కంటికి ‘మ’ కనిపిస్తుంది.

ఏ ముక్క ఏ గడిలో వుండాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకున్నదే. అను ఫాంట్ల అమరిక ఒకటి, శ్రీలిపి అమరిక ఇంకొకటి, పత్రికలు సొంతానికి చేయించుకున్న ఫాంట్ల అమరిక మరొకటి. అను 6కూ అను 7కూ కూడా వేరువేరు పట్టికలు కావాలి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే, మన కథ బదులు తోకలూ చుక్కలూ తగిలించిన యూరపు అక్షరాల గుంపు కనిపిస్తుంది. అందులో ఎక్కడా తెలుగు లేదు. తెలుగు ఫాంటులో వుంది. ఫైల్లో వున్నవి ఆ ఫాంటు గళ్ళ నంబర్లు మాత్రమే.

తాళపత్రాన్ని మూడువందల ఏళ్ళ తర్వాత కూడా లిపి తెలిసినవాడు చదువుతాడు. గంటం తయారుచేసినవాడి అనుమతి అక్కర్లేదు. జనం మరిచిపోయిన నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలుగులోకి తేగలిగాడంటే, ప్రతిలో వున్నవి అక్షరాలు గనకనే. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు చేరి ఉర్దూ గ్రంథాలు తడిసిపోయాయి. అది పెద్ద నష్టమే. అయినా తడిసిన పుస్తకాన్ని ఆరబెట్టుకోవచ్చు, చెడిన పుటలు పోగా మిగిలినవి చదువుకోవచ్చు. ఇరవయ్యేళ్ళ కిందటి తెలుగు ఫైలు చెక్కుచెదరకుండా మన ముందున్నా చదవలేకపోతున్నాం.

2

ఇది అనివార్యమా? కాదు. ఇక్కడ చారిత్రక వాస్తవాలు చూడాలి.

ప్రధాన భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాలు ఏర్పరుస్తూ భారత ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. అదే 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఈ రెండు పద్ధతుల్లోనూ ‘మ’ అంటే ‘మ’. దాని ఆకారం ఎలా గీయాలన్నది ఫాంటు చూసుకుంటుంది. అక్షరం వేరు, అక్షర రూపం వేరు అన్న ఈ విభజన మౌలికమైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. అంటే మా మిత్రుడి పుస్తకం నాటికే సరైన మార్గం వుంది.

మరి అచ్చు రంగం ఆ దారిన ఎందుకు నడవలేదు? పేజ్‌మేకర్ యూనికోడ్‌ను ఎరగదు. ఇన్‌డిజైన్‌లో కూడా సీఎస్6 దాకా తెలుగు యూనికోడ్‌ను సజావుగా కూర్చే వీలుండేది కాదు. తెలుగు మార్కెట్టు చిన్నది గనక పెద్ద కంపెనీలకు తొందర లేదు. ఇక్కడి చిన్న కంపెనీల మనుగడ ఎవరి గళ్ళు వారివిగా వుండటం మీదే ఆధారపడింది. ప్రమాణం ప్రకటించిన ప్రభుత్వాలు దాన్ని ఆచరణలో పెట్టించే బాధ్యత తీసుకోలేదు. ఉమ్మడి ఆస్తి అయిన లిపి ఈ విధంగా ప్రైవేటు పెరళ్ళుగా విడిపోయింది.

అయితే ఏకపక్షంగా మాట్లాడకూడదు. ఆ ఫాంట్లు లేకపోతే తొంభైల్లో చిన్న పత్రికలు బతికేవి కావు. జిల్లా కేంద్రం కూడా కాని జహీరాబాద్ లాంటి వూళ్ళో ఒక పంతులు తన కథల్ని బస్టాండు పక్క గదిలో కంపోజు చేయించుకోగలిగాడంటే ఆ సాంకేతికత పుణ్యమే. యూనికోడ్ కూడా స్వర్గం నుంచి ఊడిపడలేదు. ఆ కన్సార్టియంలో పెత్తనం పెద్ద కంపెనీలదే. కాని దాని పట్టిక బహిరంగం. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, తప్పులుంటే ప్రతిపాదనలు పంపవచ్చు. ఈ తేడా చిన్నది కాదు.

3

ఫైళ్ళను ఎలా బతికించామో క్లుప్తంగా చెబుతాను. ఇలాంటి సీడీలు ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు పనికొస్తుంది.

మొదట సీడీని మరో రెండు చోట్లకు నకలు తీసి, అసలు సీడీని పక్కన పెట్టాం. గీతలు పడటం వల్ల పదిహేడు ఫైళ్ళలో రెండు నకలు కాలేదు. ఎన్ని డ్రైవులు మార్చినా ఫలితం లేదు. ఆ రెండూ అచ్చుకాని కథలే.

తర్వాత పేజ్‌మేకర్ తాళం. కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్లలో చిక్కిన పత్రాలను విడిపించడానికి 2014లో డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద కృషి మొదలైంది. ఆ కృషి ఫలితంగా 2015 నుంచి లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలుగుతోంది. పేజీల అమరిక అక్కడక్కడా చెదిరింది. మాకు కావలసింది పాఠం గనక పట్టించుకోలేదు. కంపెనీ వదిలేసిన తాళాన్ని బయటి ప్రోగ్రామర్లు తెరిచారన్న సంగతి మన పాఠకులు గమనించాలి.

ఇక ఫాంటు. గళ్ళ పట్టికను బట్టి ముక్కల్ని తిరిగి అక్షరాలుగా కూర్చే మార్పిడి ప్రోగ్రాములున్నాయి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు వుండేది. తెలుగు దినపత్రికల వెబ్ పేజీలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57తో పాతరకం పొడిగింపులన్నీ ఆగిపోయాయి. బతికించే పనిముట్టుకు కూడా ఆయుష్షు వుంటుందన్నమాట. మేము ఇప్పుడు దొరికే మార్పిడి ప్రోగ్రాముల్లో రెండింటిని వాడి ఫలితాలను పోల్చి చూశాం.

ఇక్కడే తెలుగు చదువుకున్నవాడి అవసరం వచ్చింది. ‘పత్రిక’ అన్న మాట ‘ప్రతిక’ అని వచ్చింది. ఎందుకంటే ఆ ఫాంట్లలో క్రావడి అక్షరానికి ఎడమవైపు నుంచి వచ్చే గీత. ఫైల్లో అది ‘త’ కంటే ముందుంటుంది. ప్రోగ్రాము దాన్ని వెనకున్న ‘ప’కు తగిలించింది. ‘చక్రం’ ‘చ్రకం’ అయింది. ఇలాంటివి పట్టుకోవడం తేలికే, ఎందుకంటే ‘చ్రకం’ అన్న మాట తెలుగులో లేదు. అసలు ప్రమాదం వేరే వుంది. మాండలిక పదాల విషయంలో, వచ్చిన రూపం తప్పో, రచయిత ప్రయోగమో ప్రోగ్రాముకు తెలియదు. పట్నంలో వుండి సరిదిద్దే మనిషికీ తెలియదు. ‘ఎర్క’, ‘షెర్కు’, ‘సడక’ అన్న మాటలు కనిపించగానే ఫైలు చెడిపోయిందనుకుని ‘తెలుసు’, ‘చెరకు’, ‘రోడ్డు’ అని దిద్దే ప్రమాదం వుంది. చెడిన అక్షరాన్నీ, పలుకుబడినీ వేరుచేసి చూడటమే పాఠ పరిష్కరణ.

సందేహం తీరని చోట్ల మాకు సాయపడింది ఆ కథల్ని 2004లో కంపోజు చేసిన ఆమె. ఇప్పుడు మా వూళ్ళోనే చిన్న జిరాక్సు దుకాణం నడుపుతోంది. చాలామంది డీటీపీ ఆపరేటర్లలాగే ఆమె నేర్చింది యాపిల్ కీబోర్డు. తెర మీద వున్న చుక్కల అక్షరాల్ని చూపిస్తే ఆమెకు అర్థం కాలేదు. ఒక పాత కీబోర్డు ముందు పెడితే వేళ్ళు వాటంతటవే కదిలాయి. ‘‘గిది క్రావడి మీట సార్, గీడ కొడితె గట్ల వస్తది’’ అని చూపించింది. కొట్టేటప్పుడు మాటలేమైనా మార్చావా అమ్మా అని అడిగాను. ‘‘నేనెందుకు మారుస్త సార్? నువ్వు సదువుకున్నట్టు కొట్టకమ్మా, నేను రాసినట్టు కొట్టు అన్నడు ఆ సారు. అక్షరం పోతే మల్లా కొట్టిచ్చెటోడు’’ అంది.

ఈ మాట దగ్గరే అసలు విషయం మొదలవుతుంది.

4

సీడీలోని ఫైళ్ళ తేదీలు 2004 మార్చి నాటివి. పుస్తకం అచ్చయింది ఆగస్టులో. అంటే సీడీలో వున్నది రాతప్రతి నుంచి నేరుగా కంపోజు చేసిన పాఠం, హైదరాబాదులో ప్రూఫులు దిద్దక ముందటిది. అచ్చు పుస్తకంలో వున్నది దిద్దిన తర్వాతది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని పదకొండు కథలూ చదివాను.

ఒక ఉదాహరణ ఇస్తాను. బీదరు అంగడికి ఆలుగడ్డలు అమ్ముకోబోయిన రైతు కథ సీడీలో ఇలా మొదలవుతుంది: ‘‘తెల్లారంగ బండి కట్టిండు. బీదరు అంగడికి పోయెటోళ్ళు అప్పటికే సడకెక్కిండ్రు.’’ అచ్చు పుస్తకంలో ఇలా వుంది: ‘‘తెల్లవారుతుండగా బండి కట్టాడు. బీదరు సంతకు వెళ్ళేవాళ్ళు అప్పటికే రోడ్డెక్కారు.’’ ఆలుగడ్డలు అచ్చులో బంగాళాదుంపలయ్యాయి. పాత్రలు మాట్లాడుకునే మాటల్ని మాత్రం దిద్దినవాళ్ళు అలాగే వుంచారు. కథనాన్ని మార్చారు. పదకొండు కథల్లోనూ ఇదే పద్ధతి.

ఇవి చిన్న మార్పులని ఎవరైనా అనవచ్చు. కాదని నా వాదన. జహీరాబాద్ తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటు. ఇక్కడి రైతు నోట్లో ‘సడక’ పరాయిమాట కాదు. దాన్ని ‘రోడ్డు’ అని మారిస్తే ఒక పరభాషా పదం పోయి తెలుగు పదం రాలేదు. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది! ‘అంగడి’ అంటే ఇక్కడ వారానికోసారి జరిగే సంత. తీరాంధ్ర పాఠకుడికి అది దుకాణం. అతనికి అర్థం కావాలన్న ఉద్దేశంతోనే దిద్దివుంటారు. వాళ్ళ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. ఆనాడు చాలామంది నిజాయితీగా నమ్మిన పద్ధతే అది: పాత్రలు మాండలికంలో మాట్లాడవచ్చు, కథకుడు మాత్రం ‘అందరి’ భాషలో చెప్పాలి. ఆ ‘అందరి’ భాష ఎవరిదన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

ఈ సందర్భంలో నా సంగతి చెప్పుకోవాలి. 2005లో, ఎమ్మే చదువు అయిపోయిన కొత్తలో, ఆ సంపుటిని నేను ఒక సభలో సమీక్షించాను. అందులో నా ప్రధాన విమర్శ ఇది: రచయిత శ్రామికుల చేత వాళ్ళ భాష పలికించి, తాను మాత్రం శిష్టభాషలో దూరంగా నిలబడ్డాడు. జీవితాన్ని పక్కనుంచి చూశాడేగాని అందులోంచి చెప్పలేదు. భాషలోని ఈ చీలిక ఆయన మధ్యతరగతి దృక్పథానికి గుర్తు. సభలో చప్పట్లు కొట్టారు. ఆయన చివరి వరుసలో కూచుని విన్నాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యివేసి ‘‘మంచిగ మాట్లాడినవ్ తమ్మీ’’ అన్నాడు. అంతే. తర్వాత పదిహేనేళ్ళకు పైగా కలిసి తిరిగాం, ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు.

నేను ఎత్తిచూపిన చీలిక రచయితది కాదు, ప్రూఫులు దిద్దిన కలానిది. సిద్ధాంతం ప్రకారం నా విమర్శలో లోపం లేదు. దానికి ఆధారమైన పాఠమే రచయితది కాదు. పాఠం ఎవరిదో తేల్చుకోకుండా రచయిత వర్గ దృక్పథాన్ని తేల్చేశాను. మన విమర్శలో ఇలాంటివి ఇంకెన్ని వున్నాయో!

ఆయన ఆ మార్పుల్ని ఒప్పుకుని వుండవచ్చు గదా అని ఒక మిత్రుడు అడిగాడు. సమంజసమైన ప్రశ్న. సొంత డబ్బు సగమూ, పరాయి డబ్బు సగమూ పెట్టి పుస్తకం తెచ్చుకునే పల్లెటూరి పంతులు ఏది ఒప్పుకోడు? అచ్చుకాని కథల్లో మాకు దక్కిన నాలుగింటిలోనూ కథనం పూర్తిగా ఇక్కడి భాషలోనే వుంది. ‘మొత్తం’ అని రాసి ఆయన దాచుకున్నది కూడా దిద్దని పాఠాన్నే. దీన్నిబట్టి ఆయనకు ఏది కావాలో నాకు అర్థమైంది.

5

అందుకని మేము తేబోయే సంపుటికి సీడీ పాఠాన్నే మూలంగా తీసుకుంటున్నాం. అచ్చు పుస్తకంలోని పాఠాంతరాలను అడుగున ఇస్తాం. సీడీలో అక్షరం తేలని చోట అచ్చు పాఠం తీసుకుని ఆ సంగతి చెబుతాం. 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి బ్రౌన్ అనేక రాతప్రతులు తెప్పించి పోల్చి చూశాడు. ఆ శ్రమ పాత పద్యాలకే గాని ఇరవయ్యేళ్ళ కిందటి కథలకు అక్కర్లేదనుకోవడం పొరపాటు.

ఈ పని ఒక్క రచయితకు సంబంధించింది కాదు. సుమారుగా 1990 నుంచి 2010 దాకా వచ్చిన తెలుగు సాహిత్యంలో, ముఖ్యంగా చిన్న పత్రికల్లోనూ సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకాల్లోనూ వచ్చినదాంట్లో, చాలాభాగం ఇలాంటి ఫైళ్ళలోనే వుంది. దళిత, ముస్లిం, తెలంగాణ రచయితల గొంతులు బలంగా వినిపించిన కాలం అదే. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి యంత్రంతో చదివించవచ్చు గదా అంటారు. చేయవచ్చు. కాని దానివల్ల దిద్దిన పాఠమే దక్కుతుంది. అచ్చే కానివి అసలే దక్కవు.

రచయితల సంఘాలు ముందుగా చేయవలసినవి మూడున్నాయి. ఒకటి, సభ్యుల ఇళ్ళలో వున్న సీడీలూ ఫ్లాపీలూ సేకరించి వెంటనే నకళ్ళు తీయించాలి. మార్పిడి తర్వాత చేసుకోవచ్చు, నకలు మాత్రం ఆలస్యం చేయకూడదు. రెండు, ఆనాటి డీటీపీ ఆపరేటర్లను వెతికి పట్టుకోవాలి. వాళ్ళ జ్ఞానం ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్ళ పేర్లు కూడా మన పుస్తకాల్లో లేవు. మూడు, ఇకముందు పుస్తకం అచ్చుకిచ్చే ప్రతి రచయితా పీడీఎఫ్‌తో తృప్తిపడకుండా యూనికోడ్ పాఠాన్ని అడిగి తీసుకోవాలి. దిద్దకముందటి ప్రతిని కూడా దాచుకోవాలి. మార్పిడి అయ్యాక పాత ఫైలును పారేయకూడదు. మనం చేసిన తప్పుల్ని రేపెవరైనా దిద్దాలంటే అదే ఆధారం.

మా సంపుటిలో పదిహేను కథలే వుంటాయి. పోయిన రెండింటి పేర్లు ఫైళ్ళ పట్టికలో వున్నాయి గనక విషయసూచికలో ఆ పేర్లు కూడా అచ్చువేసి, ఎదురుగా పుట సంఖ్య లేకుండా వదిలేస్తున్నాం. ముందుమాట నన్ను రాయమన్నారు. అందులో మొదటి పేరాలో 2005 నాటి నా విమర్శను ఉపసంహరించుకుంటున్నాను. ఆ పని ఆయన వుండగా చేయలేకపోయాను.